జాకెట్ వేసుకున్నాడు, అయినా కనబడలేదు: ఒక శాంపిల్ కలెక్షన్ కుర్రాడి కేసు

ఈ కేసులో లెక్క తప్పినవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో బండి మీద తిరిగి పొట్టపోసుకునేవాళ్లకు రైడింగ్ శిక్షణ ఇవ్వడం నా వృత్తి. కొరియర్లు, ఫుడ్ డెలివరీ పిల్లలు, మెడికల్ రెప్‌లు, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తారు. బండి నడపడం వాళ్లకు నేర్పక్కర్లేదు, నాకన్నా ఎక్కువ కిలోమీటర్లు తిరుగుతారు. యాక్సిడెంట్ అయ్యాక ఆ జాగాకు పోయి, అక్కడేం జరిగిందో విప్పి చూసి, మనిషిని మళ్లీ ధైర్యంగా బండెక్కించడం వరకే నా పని.

ఈ కుర్రాడికి 27 ఏళ్లు. ఉప్పల్‌లో ఇల్లు. ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కు శాంపిల్స్ తెస్తాడు. 125 సీసీ బండి, 2019 మోడల్. ఉదయం ఐదున్నరకు బయల్దేరితే తొమ్మిదిలోపు పది పన్నెండు ఇళ్లు తిరగాలి. ఫాస్టింగ్ టెస్టులు కదా, ఆలస్యమైతే పెద్దాయన కాఫీ తాగేస్తాడు, టెస్టు మర్నాటికి పోతుంది, తిట్లు మాత్రం ఆ రోజే పడతాయి. వీపుకు చదరపు శాంపిల్ బ్యాగు, అందులో ఐస్ ప్యాకులు. తాగడు, ఫోన్ చూస్తూ నడపడు, సిగ్నల్ దూకడు. నా దగ్గరికొచ్చే చాలామందికన్నా పద్ధతైనవాడు. అలాంటి మనిషికి అయిదు నెలల్లో రెండు దెబ్బలు తగిలాయి.

మొదటి దెబ్బ, నేను చేసిన సగం పని

ఆగస్టులో, వాన పడుతున్న సాయంత్రం, తార్నాక దగ్గర పక్క లేన్‌లో పోతున్న కారు ఇండికేటర్ వేయకుండా ఇతని మీదికి జరిగింది. హ్యాండిల్‌కు తగిలి పడ్డాడు. మోకాలు చీరుకుంది, అంతే. ల్యాబ్ మేనేజర్ నా దగ్గరికి పంపాడు.

బండి చూశాను. నల్ల రెయిన్‌కోటు, నల్ల హెల్మెట్, ముదురు బూడిద రంగు బ్యాగు. వెనక లైటు మీద బురద ఎండి పెంకు కట్టింది. నంబర్ ప్లేటును ఎవరో పైకి వంచేశారు, సీటు కింద దాక్కున్నట్టుంది. ఇప్పుడొచ్చే హై సెక్యూరిటీ ప్లేటు మీదున్న పొర, వెనక బండి లైటు పడగానే ఆ వెలుగును తిరిగి అటే పంపుతుంది. ప్లేటు తుడిచి నిటారుగా ఉంచుకుంటే చాలు, రూపాయి ఖర్చు లేని రిఫ్లెక్టర్. మన పిల్లలు మొదట వంచేది దాన్నే.

నేను చేసినవి ఇవి: పచ్చటి ఫ్లోరసెంట్ జాకెట్ ఇప్పించాను, దాని మీద వెండిరంగు పట్టీలు. ఐఎస్ఐ గుర్తున్న తెల్ల హెల్మెట్ కొనిపించాను. ప్లేటు సరిచేసి లైటు తుడిపించాను. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ చుట్టుపక్కల చేసి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన అధ్యయనం నాకు కంఠతా వచ్చు. ఫ్లోరసెంట్ లేదా రిఫ్లెక్టివ్ బట్టలు వేసుకున్నవాళ్లకు గాయాల ముప్పు 37 శాతం తక్కువ, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్‌కు 24 శాతం తక్కువ. క్లాసులో ఈ అంకెలు చెప్తే అందరూ తలూపుతారు. అతనూ ఊపాడు. ఫైల్ మూసేశాను.

ఆ అంకెల్లో దోషం లేదు. జాకెట్ చేతికిస్తే నా బాధ్యత తీరిందనుకోవడంలో ఉంది దోషం.

రెండో దెబ్బ

జనవరి, ఉదయం ఏడుంబావు. ఉప్పల్ నుంచి హబ్సిగూడ వైపు పోతున్నాడు. రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు, నడుమ నడుమ డివైడర్ తెరిచి యూటర్న్‌లు. జాకెట్ ఉంది, తెల్ల హెల్మెట్ ఉంది, స్ట్రాప్ బిగించి ఉంది. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లన్నిటికీ ఇంజన్ ఆన్ కాగానే హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది కాబట్టి లైటు కూడా ఉంది. వేగం నలభై అయిదు అన్నాడు. నేను నమ్మాను, తర్వాత చూసిన వీడియో కూడా దానికి దగ్గరగానే ఉంది.

డివైడర్ పక్క లేన్‌లో ట్రాలీ ఆటో వెనక వస్తున్నాడు. ఎదుటి వైపు నుంచి వచ్చిన ఒక కారు యూటర్న్ కోసం గ్యాప్‌లో ఆగి ఉంది. ట్రాలీ దాటింది. కారు తిరిగింది. మనవాడు కారు ఎడమ ముందు డోరుకు కొట్టుకుని బానెట్ మీదుగా అవతల పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ కుడివైపు అరచేయంత మేర గీరుకుపోయింది, తలకు ఏమీ కాలేదు. ఒక ఆటో అన్న ఆసుపత్రికి తీసుకెళ్లాడు. శాంపిల్స్ ఏమయ్యాయని ఆటోలో రెండుసార్లు అడిగాడట.

కారు నడిపినాయన పోలీసులకు చెప్పింది ఒకటే మాట: "రోడ్డు ఖాళీగా ఉందనే తిప్పాను సార్. ఎక్కణ్నుంచి వచ్చాడో నాకు తెలీదు." మనవాడు మంచం మీద నుంచే మండిపడ్డాడు. "పచ్చగ మెరిసే జాకెట్ ఏసుకున్న. గుడ్డోనిక్కూడ కనవడ్తది. అబద్ధమాడుతుండు."

నేనూ మొదట అలాగే అనుకున్నాను.

అదే చోట, అదే టైముకు

మూడో రోజు ఏడింటికల్లా ఆ యూటర్న్ దగ్గర నిలబడ్డాను. అవతల టిఫిన్ సెంటర్ ఓనరు తన కెమెరా వీడియో అప్పటికే చూపించాడు. అందులో కారు తొందరపడినట్టు లేదు. ఆగింది, ట్రాలీని పోనిచ్చింది, కదిలింది. పద్ధతిగా నడిపే మనిషి చేసే పనే.

కారు ఆగిన చోట, డ్రైవర్ కళ్లు ఉండే ఎత్తులో వంగి చూశాను. ముందు నా కంట్లో పడింది ఎండ. ఉప్పల్ నుంచి హబ్సిగూడకు పోయేవాడి వీపు ఆ టైములో సూర్యుడికి ఉంటుంది. అతనికి దారి హాయిగా, తేటగా కనబడుతుంది. ఎదురుగా చూసేవాడికి మాత్రం ఆ తూర్పు నుంచి వచ్చే ప్రతి బండీ నల్లటి నీడబొమ్మ. ఫ్లోరసెంట్ రంగు తన మీద పడిన వెలుగును మెరుపుగా మార్చి చూపిస్తుంది. వెలుగు వీపు మీద పడుతుంటే ఛాతీ మీది పచ్చదనం దేనికి? హెడ్‌లైటు కూడా ఆ ఎండలో కలిసిపోయింది. వీపు మీదైనా పచ్చదనం ఉందా అంటే అక్కడ శాంపిల్ బ్యాగు కప్పేసింది. ఆగస్టులో జాకెట్ వేయించి, బ్యాగు తగిలించి ఒక్కసారి వెనక నుంచి చూసి ఉంటే నాకప్పుడే తెలిసేది. చూడలేదు.

తర్వాత పిల్లర్లు. డివైడర్‌కు ఆనుకుని వచ్చే బండి, గ్యాప్‌లో ఉన్న డ్రైవర్‌కు పిల్లర్ల వరస వెనక నుంచి వస్తున్నట్టే. కాస్త ఎడమకు జరిగి వచ్చే బండి ఎంతో ముందుగా బయటపడుతుంది. దానికి తోడు కారు అద్దం ఎడమ అంచున పైకప్పును మోసే కమ్మీ. కారులో కూర్చుని చూస్తే అది చేతి మందమే, యాభై అడుగుల అవతల ఒక బండినీ మనిషినీ పూర్తిగా మింగేస్తుంది.

వీటన్నిటికన్నా పెద్ద తెర ట్రాలీ. మనవాడికీ దానికీ మధ్య వీడియోలో లెక్కేస్తే ఎనిమిది మీటర్లు, అంతకన్నా తక్కువే. గంటకు 45 అంటే సెకనుకు పన్నెండున్నర మీటర్లు. కారు ముక్కు లేన్‌లోకి వచ్చేనాటికి అతనికి మిగిలింది సెకను కూడా కాదు. ఉలిక్కిపడి బ్రేకు తొక్కడానికి మామూలు మనిషికి సెకనున్నర పడుతుంది. ఆ సెకనున్నరలో బండి దాదాపు పంతొమ్మిది మీటర్లు పోతుంది, బ్రేకు ఇంకా పడకముందే. చక్రం బిగుసుకుపోకుండా బ్రేకు వేసే ఏబీఎస్ ఉన్నా, బండి కొత్తదైనా ఇక్కడ చేసేదేం లేదు.

ముందు బండికీ తనకూ మధ్య రెండు సెకన్ల గ్యాప్ వదిలితే సరిపోయేది కదా అనొచ్చు. ఆ వేగంలో అది 25 మీటర్లు. ఉప్పల్ రోడ్డు మీద పొద్దున ఏడుంబావుకు 25 మీటర్లు ఖాళీ వదిలితే అందులో ఇద్దరు ముగ్గురు దూరతారు. పుస్తకంలో ఉన్నది చెప్పి పంపేస్తే నా మనసుకు తృప్తి, అతనికి ఒరిగేది ఏమీ లేదు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

కారులో ఎడమ సీటు

ఆరు వారాలకు చేతి కట్టు తీశారు. ఇంకా బండి ఎక్కకూడదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అతన్ని నా కారులో ఎడమ సీట్లో కూర్చోబెట్టుకుని అదే యూటర్న్‌కు పోయాను. నా దగ్గర పనిచేసే ఇంకో ట్రైనర్‌ను అదే రకం పచ్చ జాకెట్ వేయించి, అవతలి వైపు నుంచి ఏదో ఒక వాహనం వెనక రమ్మన్నాను. మనవాడి పని ఒకటే: బండి కనబడగానే "బండి" అనాలి.

మొదటిసారి గ్యాప్‌లో ఆగాను. ఒక వ్యాన్ వచ్చింది, పోయింది. నేను అతని వైపు చూశాను. కళ్లు చిట్లించి చూస్తున్నాడు, ఏమీ అనలేదు. నేను బ్రేకు మీద కాలు తీయలేదు. వ్యాన్ పోయిన మరుక్షణమే మా ట్రైనర్ బానెట్ ముందు నుంచి సర్రున పోయాడు.

"ఏంది తమ్మీ, అనలే?"

"ఏడికెళ్లి వచ్చిండన్నా?"

ఇంకో రెండుసార్లు తిరిగాం. రెండోసారి కనిపెట్టాడు గానీ అప్పటికి ఆలస్యమైంది. మూడోసారి ట్రైనర్ వ్యాన్ వెనక కాకుండా విడిగా, ఎడమకు జరిగి వచ్చాడు. అప్పుడు చాలా ముందే "బండి, బండి" అన్నాడు. గుర్తుంచుకోండి, డ్రైవర్ సీటు కన్నా అతను కూర్చున్న సీటుకే అటువైపు బాగా కనబడుతుంది. పైగా అతను బండి కోసమే వెతుకుతున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్ట్రీట్ నంబర్ ఎయిట్ దగ్గర చాయ్ తాగాం. సగం గ్లాసు అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అంటే ఆ కారాయన అబద్ధం చెప్పలే అన్నట్టు."

నా ఉద్దేశంలో ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే. 'వాడిది తప్పు' అనుకున్నంత కాలం రైడర్ మారడు, మారాల్సింది అవతలివాడే అనుకుంటాడు కాబట్టి. చట్టం ప్రకారం తప్పు కారాయనదే, అందులో నాకు సందేహం లేదు. ఎముక మాత్రం మనవాడిది.

ఇది హైదరాబాద్ జబ్బు మాత్రమే కాదు. 1981లో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ బృందం లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాల జాగాలకు స్వయంగా పోయి చూసి ఇచ్చిన రిపోర్టు ఉంది. వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు ఇంకో వాహనంతో ఢీకొన్నవే. అలా ఢీకొన్న కేసుల్లో మూడింట రెండు వంతులు అవతలి వాహనం దారి ఇవ్వాల్సి ఉండి ఇవ్వకపోవడం వల్ల జరిగినవి. మన దేశంలో 2022లో రోడ్డు మీద పోయిన 1,68,491 ప్రాణాల్లో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లవి. నల్ల హెల్మెట్ ఎక్కడైనా నల్లదే, మనిషి కన్ను ఎక్కడైనా అదే కన్ను.

ఆ కన్ను గురించి అతనికి చెప్పింది కొద్దిగానే. చేయి చాచి బొటనవేలు పైకెత్తమన్నాను. అరవై మీటర్ల దూరంలో వచ్చే బండి ఆ వేలి గోరు వెడల్పులో సుమారు సగమే ఉంటుంది. డ్రైవర్ తల తిప్పి రోడ్డును ఒక ఊపున చూసినప్పుడు కన్ను జారుతూ చూడదు, గెంతుతూ చూస్తుంది, గెంతుకూ గెంతుకూ మధ్య మెదడు ఏమీ నమోదు చేసుకోదు. ఆ సందులో పడితే నువ్వు లేనట్టే. రెండోది, సూటిగా మన మీదికే వచ్చేది కదులుతున్నట్టు అనిపించదు. క్రికెట్ ఆడినవాళ్లకు తెలుసు: నెత్తి మీదికి సూటిగా వచ్చే క్యాచ్ గాలిలో ఆగినట్టే ఉంటుంది, ఆఖర్న ఒక్కసారి పెద్దదవుతుంది. గ్యాప్‌లో ఆగిన డ్రైవర్‌కు బండి కూడా అంతే.

మార్చినవి

మొదట బ్యాగు. వెనక్కి ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు, పక్కలకు పసుపు. లారీలకు వేసే రకమే, ఆటోనగర్‌లో రోలు దొరుకుతుంది. హెల్మెట్ వెనక ఒక ముక్క. ఇవి చీకట్లో, వెనక బండి లైటు పడినప్పుడు పనికొస్తాయి. పట్టపగలు రిఫ్లెక్టివ్ టేపు వల్ల పెద్ద లాభం లేదు, రాత్రి ఫ్లోరసెంట్ వల్ల లేదు. ఈ రెండూ ఒకటే అనుకుని ఒకటి కొని ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఐదున్నరకు బయల్దేరి తొమ్మిదింటికి ముగించేవాడికి రెండూ కావాలి.

హైబీమ్ మాన్పించాను. తెల్లవారుజామున హైబీమ్‌తో తిరిగితే ఎక్కువ కనబడతానని అతని నమ్మకం. ఎదుటివాడి కళ్లు జిగేల్మనడమే తప్ప, ఒంటి దీపం ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తుందో దాంతో అంచనాకు అందదు.

తర్వాత నీడ. ఇది ఒక్కటే నేను కొత్తగా కనిపెట్టినట్టు గొప్పగా చెప్పుకుంటాను, బహుశా ఎప్పుడో ఎవరో చెప్పే ఉంటారు. పొద్దున, సాయంత్రం బండి నడిపేటప్పుడు నీ నీడ నీ ముందు పొడుగ్గా పడుతుంటే, ఎదురుగా ఉన్నవాడి కళ్లలో ఎండ ఉంది, వాడికి నువ్వు లేవు. అప్పుడు ప్రతి గ్యాప్ దగ్గరా వాడు తిప్పుతాడనే లెక్కతో పో. నీడ నీ వెనక ఉంటే ఎదుటివాడికి కనబడతావు గానీ నీ వెనక వచ్చేవాడికి కనబడవు, అప్పుడు బ్రేకు లైటు ముందుగా, రెండుసార్లు తట్టి ఆగు.

గ్యాప్ సంగతికి వస్తానన్నాను. 25 మీటర్లు వదలమని చెప్పలేదు. యూటర్న్ కనబడగానే పెద్ద బండి తోకలో ఉండొద్దని చెప్పాను. వెనకబడి వేగం ముప్పై అయిదుకు దించు, లేదా ఆ నాలుగు సెకన్లూ ట్రాలీకి ఎడమ పక్కన, దానికి సమానంగా ఉండు. పక్కన ఉంటే అది నీకు గోడ, తోకలో ఉంటే తెర. ఇది ట్రాలీ, కారు వరకే. బస్సు ఎడమ పక్కకు చచ్చినా పోవద్దు, స్టాప్ వస్తే అది ఎటు లాగుతుందో ఎవరికీ తెలీదు. పక్కన ఉన్నది ఏ వాహనమైనా దాని సైడ్ అద్దంలో డ్రైవర్ ముఖం నీకు కనబడాలి. కనబడట్లేదంటే ఆయనకు నువ్వు లేవు.

ముందు ఖాళీ ఉంటే, ఆగి ఉన్న కారుకు అరవై డెబ్బై మీటర్ల ముందు, లేన్ లోపలే, చిన్నగా ఒక వంపు తిరగమన్నాను. సూటిగా వచ్చేది కంటికి ఆనదు, పక్కకు కదిలింది ఆనుతుంది. మొదట సిగ్గుపడ్డాడు. "తాగి నడుపుతున్నననుకుంటరన్నా." అనుకోనీ అన్నాను, అనుకున్నారంటే చూశారనే కదా. తడి రోడ్డు మీద, పక్కన వేరే బండ్లు ఉన్నప్పుడు మాత్రం వద్దన్నాను.

డ్రైవర్ కళ్లలోకి చూస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. నేను నమ్మను. కళ్లు మన వైపు ఉన్నాయంటే చూశాడని కాదు. ముందు చక్రం చూడమంటాను. కారు కదలడం చక్రం దగ్గర ముందు తెలుస్తుంది, బాడీ దగ్గర ఆలస్యంగా. చక్రం మీద కన్ను, బ్రేకు మీద రెండు వేళ్లు, హారన్ ఒక్క చిన్న మోత.

ల్యాబ్‌తో బేరం

రైడర్‌ను మార్చడం సులువే. స్లాట్లు మార్చడం కాదు. సూర్యోదయం అయిన గంట సేపు అతన్ని మెయిన్ రోడ్డు మీద పడమరకు నడపకుండా, ఆ టైములో లోపలి వీధుల ఇళ్లు పూర్తి చేసేలా వరస మార్చమని మేనేజర్‌ను అడిగాను. ఇళ్ల వరసను యాప్ వేస్తుంది, మా చేతుల్లో లేదన్నాడు. రెండు వారాలు తిరిగాను. చివరికి అతని ఒక్కడికి చేత్తో వరస వేయడానికి ఒప్పుకున్నాడు. మిగతా కుర్రాళ్లు ఇప్పటికీ యాప్ చెప్పినట్టే తిరుగుతున్నారు. ఈ కేసులో నాకు ఇంకా మింగుడుపడనిది ఇదే.

తర్వాత

మార్చి ఆఖర్న మళ్లీ బండెక్కాడు. రోజూ పని అయ్యాక, పొద్దున ఏ చోట గుండె జారిందో వాట్సాప్‌లో వాయిస్ నోట్ పెట్టమన్నాను. వాటిని లెక్కపెట్టి పట్టిక వేయలేదు, ఒక్క మనిషి జ్ఞాపకం పట్టికకు చాలదు. కానీ మాటలు మారడం విన్నాను. ఏప్రిల్‌లో: "వాడు అడ్డమొచ్చిండన్నా, జరంతల తప్పింది." జూన్ నాటికి: "తిప్పుతడనే అనుకున్న, తిప్పిండు. నేను అప్పటికే స్లో అయిన." సంఘటన ఒకటే, వాక్యం వేరు.

అక్టోబర్‌లో ఒక నోట్ వచ్చింది, వాన గురించి. చీకటి, వాన, హెల్మెట్ అద్దం మీద నీళ్లు, ఎదుటి లైట్లు చుక్కలు చుక్కలుగా పగిలిపోతున్నాయి, అప్పుడేం చేయాలన్నాడు. బండి పక్కకు ఆపి మేనేజర్‌కు ఫోన్ చేయమన్నాను. చేశాడట. ఆ రోజు రెండు శాంపిల్స్ మర్నాటికి పోయాయి.

పోయిన నెల ల్యాబ్ కొత్త బ్యాగులు ఇచ్చింది. ముదురు నీలం, మీద లోగో. అతని బ్యాగు మీది టేపు పాత దాంతోనే పోయింది. నా దగ్గర రోలు సగం మిగిలి ఉంది. ఆదివారం రమ్మన్నాను, తోటివాళ్ల బ్యాగులు కూడా తెమ్మన్నాను.